నా కొట్టంలో కూర్చున్నవాళ్లు

ఇంట్లో నాకు కూర్చోవడానికి చోటు లేదని మొదటిసారి అన్నప్పుడు మా ఆయన నవ్వాడు.

"మూడర్రల ఇల్లు. చోటు లేకపోవుడేంది?" అన్నాడు.

జనగామలో మాది డాబా ఇల్లు. ముందు గది ఆయనది, ఆయన కోసం వచ్చేవాళ్లది. నడిమి గది పిల్లల పుస్తకాలతో, పరుపులతో నిండి ఉండేది. వెనక గదిలో ఊరి నుంచి వచ్చిన బియ్యం బస్తాలు, మా మంచం. ఇక వంటిల్లు నాది అని అందరూ అనేవాళ్లు. వంటిల్లు నిలబడే చోటు, కూర్చునే చోటు కాదు. నేను ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచర్ని. పరీక్ష పేపర్లు ఇంటికి తెచ్చుకుని, పొయ్యి పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని దిద్దేదాన్ని. పేపర్ల మీద నూనె చుక్కలు పడేవి. పిల్లలు మరునాడు వాటిని వాసన చూసి, "మేడమ్, నిన్న మీ ఇంట్ల పూరీలా?" అని అడిగేవాళ్లు.

ఆ చలికాలంలో ఢిల్లీ నుంచి మా రాష్ట్రం మాకు ఇస్తున్నట్టు మాట వచ్చింది. రెండు వారాలు తిరగకముందే ఆ మాట వెనక్కి పోయింది. ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం అందరికీ గుర్తుంటుంది. రోజూ రాస్తారోకోలు, ర్యాలీలు. మధ్యాహ్నం కరెంటు ఉండదు. స్లాబు పెనంలా కాలేది. ఇంటి వెనక మాత్రం నేను పదేళ్లుగా పెంచుకున్న తోట ఉంది. జామ, నిమ్మ, మునగ, రెండు వరుసల కనకాంబరాలు. ఆ తోటలో నీడకు చిన్న గది లాంటిది ఒకటి వేయించుకోవాలని, అందులో ఒక కుర్చీ, ఒక బల్ల వేసుకోవాలని నా కోరిక. అంతకుమించి ఏమీ అడగలేదు.

ఒక పెళ్లికి హైదరాబాదు పోయినప్పుడు రోడ్డు పక్కన అలాంటివి అమ్మే దుకాణం కనిపించింది. సమ్మర్ హౌస్ అని పెద్ద అక్షరాల బోర్డు. ఇనుప స్తంభాలు, పైన ఆకుపచ్చ ఫైబర్ రేకు, చుట్టూ ప్లాస్టిక్ తీగలు. తెచ్చి పెరట్లో నిలబెట్టి బోల్టులు బిగిస్తారట. మా ఆయనకు చూడగానే నచ్చింది. దుకాణం ఆయన కోస్తా వైపు మనిషి, మర్యాదగానే ఎదురొచ్చాడు.

"చెప్పండి మేడమ్. గార్డెన్‌లోకాండి, టెర్రస్ మీదకాండి?"

"పెరట్ల పెట్టుకుంటందుకు," అన్నాను. "గీ రేకు ఎండకు కాగదా? లోపల కూసుంటే ఉడుకపోయదా?"

ఆయన నాకు జవాబు చెప్పలేదు. బల్ల వెనక కూర్చున్న తన భాగస్వామి వైపు చూశాడు. "గీ రేకు కాగదా అంటున్నారండీ," అన్నాడు. ఆ 'గీ'ని సాగదీసి, వెక్కిరింతగా అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏం చేస్తుంటారండి మీరు?" అని అడిగాడు.

"టీచర్ను."

"ఏ సబ్జెక్టండి?"

"తెలుగు."

ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు. "తెలుగే! ఏ తెలుగండీ?" అన్నాడు భాగస్వామి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు పద్యాలు నేర్పిన నోరు ఆ నిమిషంలో పెగల్లేదు. సాయం కోసం మా ఆయన వైపు చూశాను. ఆయన కూడా నవ్వుతున్నాడు. వాళ్లంత పెద్దగా కాదు, పెదవుల చివరన. అది ఇంకా అన్యాయం.

తిరుగు బస్సులో అడిగాను. "నువ్వెందుకు నవ్వినవ్?"

"వాళ్లు నవ్వుతుంటే నేనేం జెయ్యాలె? ఏడ్వాల్నా?"

"నీ మాట నా మాట ఒకటే గద. నన్ను నవ్వితే నిన్ను నవ్వినట్టు గాదా?"

"అబ్బ, ప్రతిదానికి గుంజుకుంటవ్. వస్తువు మంచిగుంది, తెచ్చుకుందాం."

"ఆ ఇనుప పంజరం నా పెరట్లకు రాదు. తాటికమ్మలతోని కొట్టం ఏయించుకుంట."

ఆయన బస్సులో అందరూ వినేట్టు అన్నాడు: "కొట్టమా? ఊరంత డాబాలు కడుతుంటె నువ్వు కొట్టం ఏస్తవా? మనమేం తండోళ్లమా?"

అప్పుడు ఆ మాటలోని తప్పు నా చెవికి సోకనే లేదు. నా కోపమంతా నా గురించే.

నా మొదటి ఉద్యోగం గార్ల దగ్గర ఒక పల్లెటూరి బడిలో. అప్పుడు బడి ముందు పిల్లల కోసం పందిరి వేసిన మొగుడూ పెళ్లాలు పక్క లంబాడా తండావాళ్లు. వాళ్లు వేసిన పందిరి నేనున్న నాలుగేళ్లూ ఒక్క చుక్క కారలేదు. ఒక ఆదివారం ప్యాసింజర్ ఎక్కి, మానుకోట దాటి గార్లలో దిగి, ఆటోలో తండాకు పోయాను. పందిరి వేసినామె నన్ను గుర్తుపట్టింది. అప్పటికే ఆమెకు యాభై దాటాయి. మిరప చేలల్లో కూలికి పోయి అప్పుడే వచ్చినట్టుంది, చేతులు మండుతున్నాయని మజ్జిగలో ముంచుకుని కూర్చుంది. పనితనమంతా ఆమెది. భర్త మాట్లాడడు, చెప్పింది అందిస్తాడు.

"వెదురు యాడిది?" అన్నది మొట్టమొదట.

"భూపాలపల్లిల మా తమ్ముడు బొగ్గు బాయిల పనిచేస్తడు. ఆడ డిపోల బొంగులు దొరుకుతయట."

"పచ్చివి వద్దు. ముదురు బొంగులు చెప్పు. కార్తీకం తర్వాత కొట్టినయే తెమ్మను, లేకుంటె పురుగు తింటడు."

మా తమ్ముడు ఆమె చెప్పినట్టే ఏరి, డిపో రసీదుతో సహా ఒక లారీలో వేసి పంపాడు. వేప గుంజలు ఊరి నుంచి వచ్చాయి. కమ్మలు రఘునాథపల్లి దగ్గర తాటివనంలో కొట్టించాను. ఆమె వచ్చీ రాగానే ఆ కమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రాళ్లు పెట్టించింది. మూడు రోజులకు అవి చాపల్లా సాపుగా అయ్యాయి.

చోటు దగ్గర మాకు పోట్లాట అయింది. నేను జామచెట్టు కింద వేయమన్నాను. ఆమె మిట్టమధ్యాహ్నం ఎండలో తోటంతా రెండుసార్లు తిరిగింది. గాలి ఎటు నుంచి వస్తుందో కొంగు చివర పట్టి చూసింది.

"చెట్టు కింద వద్దమ్మా. ఆకు రాలి పైన కొప్పు మీద కుళ్లుతడు. చెదలు వస్తడు. ఈ నిమ్మ పక్కన వేస్త."

"'కుళ్లుతది' అనాలె అవ్వా. 'వస్తయి' అనాలె," అన్నాను. టీచరు బుద్ధి.

ఆమె గుంజ కోసం గుంత తవ్వుతూనే చెప్పింది. "మా మాటల అందరు మగోళ్లన్న అయితరు, ఆడోళ్లన్న అయితరు అమ్మా. రెండు గానోళ్లు ఉండరు. ఇల్లు మగోడు."

నాకు నవ్వాగలేదు. మరునాడు స్టాఫ్ రూంలో ఆమె మాటను ఆమెలాగే అని వినిపించాను కూడా. అందరూ నవ్వారు. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. కాని రాయకుండా దాటేస్తే మిగతాది రాసే హక్కు నాకు ఉండదు.

కొట్టం అయిదు రోజుల్లో లేచింది. గుంజల మొదళ్లకు మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన కాలిన ఇంజనాయిల్ పూసి పాతింది. కప్పుకు వాలు ఎక్కువ పెట్టింది. ఎందుకంత వాలు అంటే, "నీళ్లు కూసుండొద్దు, జారిపోవాలె," అన్నది. కమ్మలు చూరు నుంచి మొదలుపెట్టి కొప్పు దాకా, ఒక వరుస మీద ఇంకో వరుస వచ్చేట్టు నారతో బిగించి కట్టింది. నడుం ఎత్తు దాకా వెదురు తడకలు. నేల మీద ఎర్రమట్టి పోసి దిమ్మిస కొట్టి అలికింది. పోతూ పోతూ జాగ్రత్తలు చెప్పింది: ఏడాదికోసారి మిరుగు వానలు రాకముందే కొప్పు చూసుకోవాలి, గుంజలకు ఆయిల్ పూయాలి, నిప్పు దగ్గరికి రానీయొద్దు, కొప్పు మీద ఏదీ గుచ్చొద్దు.

నేను అందులో సరిగ్గా అయిదు మధ్యాహ్నాలు కూర్చున్నాను.

ఆ అయిదు మధ్యాహ్నాలూ ఇప్పటికీ ఒంటికి గుర్తున్నాయి. బయట ఎండ తెల్లగా ఉడికిపోతుంటే లోపల పచ్చి కమ్మల వాసన. నిమ్మ ఆకుల మీదుగా గాలి తడకల్లోంచి వచ్చేది. పేపర్ల మీద నూనె చుక్క పడలేదు. ఒక మధ్యాహ్నం ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నాను. పెళ్లయిన తర్వాత అలా కూర్చున్నది అదే మొదటిసారేమో.

ఆరో రోజు మా బావ వచ్చాడు. మా ఆయన అన్న. దేవరుప్పుల వైపు ఊళ్లో భూమి, ఒకసారి సర్పంచి పదవికి నిలబడి ఓడిపోయిన చరిత్ర. ఆ రోజుల్లో జనగామలోనే ఉండి ఉద్యమ కమిటీ ఒకటి నడుపుతున్నాడు. తోటలోకి పోయి కొట్టం చుట్టూ తిరిగి చూశాడు.

"మస్తుగుంది తమ్మీ," అన్నాడు మా ఆయనతో. "ముందటి అర్రల ఉడుకకు చస్తున్నం. ఇగ మన కమిటీ గీడనే కూసుంటది."

నేను అక్కడే నిమ్మచెట్టుకు నీళ్లు పోస్తున్నాను. నన్ను అడగలేదు. మా ఆయన "ఎందుకు కూసోవద్దన్నా," అన్నాడు. ఆయన కూడా నన్ను అడగలేదు.

మరునాడు నేను బడి నుంచి వచ్చేసరికి నా కుర్చీ బయట జామచెట్టు కింద ఉంది. లోపల అయిదు ప్లాస్టిక్ కుర్చీలు. కొప్పు మధ్యలోంచి కమ్మలను చీల్చుకుని ఒక వెదురు కర్ర నిటారుగా లేచి ఉంది, దాని చివర జెండా.

ఎవరికి చెప్పుకోను? నేను ఉద్యమానికి ఎదురు కాదు. ర్యాలీల్లో నడిచాను. రోడ్డు మీద బతుకమ్మ ఆడాను. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పు చేసిన రోజు యాభై మందికి కిచిడీ వండాను. ఆ దుకాణంలో నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉన్నదాన్ని, నాకంటే ఎవరికి ఎక్కువ కావాలి రాష్ట్రం? కాని "ఉద్యమం కోసం" అనే మాట ఒకటి పెట్టి నా నోరు మూశారు. నా కుర్చీ సంగతి ఎత్తితే నేను రాష్ట్రాన్ని అడ్డుకున్నట్టే అయ్యేది.

పదహారు నెలలు. ఆ పదహారు నెలలూ పొద్దున్నే ఊడ్చింది నేను. బీడీ ముక్కలు, సిగరెట్ పెట్టెలు, వేరుశనగ పొట్టు. ఒకరోజు చూరు కమ్మల్లో అరచేయి వెడల్పున నల్లటి మచ్చ కనిపించింది. ఎవరో సిగరెట్ అంటించుకుని అగ్గిపుల్ల పైకి విసిరారు. పక్కనున్నవాడు చేత్తో కొట్టి ఆర్పాడట. దాన్ని వాళ్లు తమాషాగా చెప్పుకున్నారు. కొట్టం అంటుకుంటే పక్కింటి గడ్డివామి, దాని పక్కన ఇల్లు.

"బావా, లోపల బీడీలు తాగద్దని చెప్పండ్రి. కమ్మల కప్పు," అన్నాను.

"చెప్తలేమ్మా. ఇగో, అయిదు చాయ్ పంపు."

వానాకాలంలో జెండా కర్ర దూరిన చోటు నుంచి నీళ్లు కారడం మొదలైంది. వాళ్లు కర్ర తీయలేదు, కుర్చీలు జరుపుకున్నారు. కమిటీలో ఒకాయన వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, నీళ్లు కారుతున్నయి, జర చూడరాదు," అన్నాడు. అంటే నిచ్చెన వేసుకుని పైకి ఎక్కాల్సింది నేను. ఎక్కాను కూడా. పాత గోనెసంచి మడిచి ఆ రంధ్రంలో కుక్కాను. కింద వాళ్లు ఎవరు ఎవరికి ద్రోహం చేశారో మాట్లాడుకుంటూనే ఉన్నారు. నిచ్చెన పట్టుకోవడానికి ఒక్కరు లేవలేదు.

రెండో వానాకాలం పోయేసరికి కొప్పు కుళ్లింది. అప్పుడు ఊరంతా సమ్మె. మేం టీచర్లం కూడా సమ్మెలోకి దిగాం. జీతం లేదు, అయినా ఎవరికీ బాధ లేదు. రోజూ పొద్దున టెంటు కిందికి పోయి కూర్చునేదాన్ని. మధ్యాహ్నం ఇంటికొచ్చి నా కొట్టంలో ఉన్నవాళ్లకు చాయ్ కాచేదాన్ని. గార్లకు కబురు పెట్టాను. ఆమె, ఆమె భర్త పొద్దున్నే రైలు దిగారు. సాయంత్రం కల్లా కొప్పు మార్చి తిరుగు రైలు ఎక్కాలని వాళ్ల లెక్క.

ఆ రోజు మా బావ నాకు ఒక కాగితం ఇచ్చాడు. కరపత్రం. అచ్చుకు పోయే ముందు తప్పులు దిద్దమన్నాడు. చాయ్ పళ్లెం ఒక చేత్తో, కాగితం ఒక చేత్తో పట్టుకుని కొట్టం దగ్గరికి పోతూ చదువుతున్నాను. మన భాషను సినిమాల్లో వెక్కిరించారు, మన యాసను జోకర్లకు పెట్టారు, ఇక ఈ అవమానం సహించేది లేదు అని ఉంది. చాలా బాగా రాశారు. నడుస్తూనే రెండోసారి చదివాను.

ఆమె నిచ్చెన మీద ఉంది. లోపల అయిదుగురూ కూర్చునే ఉన్నారు.

"అయ్యా, జర బైటికి పోండ్రి," అన్నది ఆమె పై నుంచి. "కొప్పు ఇప్పుతున్న. దుమ్ము పడుతడు."

"దుమ్ము పడుతడా?" అన్నాడు ఒకడు. "ఎవడే ఆ దుమ్ము? మన కమిటీ వాడేనా?"

గొల్లున నవ్వారు.

"వాన గూడ వస్తడా అవ్వా?" ఇంకొకడు.

"వస్తడు, వస్తడు. గొడుగు పట్టుకోని వస్తడు!"

మా బావ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. మా ఆయన తడక పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన పెదవుల చివరన నేను ఎరిగిన ఆ నవ్వే.

ఆమె తల కూడా తిప్పలేదు. కమ్మలు విప్పుతూనే ఉంది. దుమ్ము వాళ్ల భుజాల మీద పడుతోంది. ఆ క్షణంలో నాకు స్టాఫ్ రూంలో నేను నవ్వించిన నవ్వు గుర్తొచ్చింది. కోపం ఎవరి మీద ఎంతో తేల్చుకునే ఓపిక లేదు. పళ్లెం నేల మీద పెట్టాను.

"ఇగ లేవుండ్రి," అన్నాను.

"ఏందమ్మా?" అన్నాడు మా బావ.

"కొట్టం ఖాళీ చెయ్యుండ్రి. అందరు."

"మీటింగ్ నడుస్తంది."

"రోడ్డు మీద పెట్టుకోండ్రి. బావా, గీ కాగితం మీరే రాసిన్రు గద? మన మాటను వెక్కిరించిన్రని? గిప్పుడు మీరు జేసిందేంది?"

"అరె, ఊకె నవ్వులాటకు అన్నం. లంబాడామెకు లేని బాధ నీకెందుకు?"

"ఆమెకు లేదని ఎవరు చెప్పిన్రు? అడిగిన్రా?"

మా బావ లేచాడు. మొహం మారింది. "పరాయోళ్ల ముంగట నన్ను గిట్ల అంటవా? ఉద్యమాన్నే ఇంట్లకెళ్లి ఎల్లగొడుతున్నవా?"

"ఉద్యమం నేను రోజు పొద్దుగాల పోయే టెంటు కింద ఉంటది. గీడున్నది మీరు అయిదుగురే. గిది నా కొట్టం. నా జీతంతోని ఏసుకున్న. పదహారు నెలల సంది నేను బయట నిలవడ్డ."

మా ఆయన నా పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. నేను వినిపించుకోలేదు. నిచ్చెన మీది ఆమెను అడిగి జెండా కర్రను కొప్పులోంచి బయటికి తీయించాను. జెండాను విప్పి, దులిపి, మడతపెట్టి మా బావ చేతిలో పెట్టాను. జెండా మీద నాకు కోపం లేదు. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని పోయాడు. మిగతావాళ్లు కుర్చీలు మోసుకుంటూ పోయారు. చాయ్ ఎవరూ తాగలేదు.

ఆమె నన్ను మెచ్చుకుంటుందని అనుకున్నానేమో తెలియదు. ఆమె నిచ్చెన దిగి మంచినీళ్లు తాగి, "ఎందుకమ్మా గాళ్లతోని? నవ్వితె నవ్వనీ. నా పని లేటైతంది," అన్నది చిరాగ్గా.

"నీకు కోపం రాలేదా అవ్వా?"

"వస్తడు. వచ్చి ఏం జేస్తడు? పైన ఉన్నప్పుడు కోపమొస్తె కిందపడుత."

కమ్మ ఒకటి తీసి భర్తకు అందిస్తూ, నా వైపు చూడకుండా అన్నది: "నువ్వు గూడ నవ్వినవ్ గద, మొదలు వచ్చినప్పుడు."

నేను తప్పయింది అన్నాను. ఆమె విన్నదో లేదో. కొప్పు మీదికి ఎక్కింది.

ఆ సాయంత్రం రైలు రాలేదు. రైల్ రోకో. బస్సులు సమ్మె మొదలైన నాటి నుంచే లేవు. రెండు రోజులు వాళ్లు నా కొట్టంలోనే ఉన్నారు. నేను చాప, బొంత ఇచ్చాను. మా ఆయన నాతో మాట్లాడటం మానేసి ముందు గదిలో కూర్చున్నాడు. నేను అన్నం కూర పళ్లేల్లో పెట్టుకుని కొట్టంలోకే పోయి వాళ్లతో తిన్నాను. తీరిక దొరికిందని ఆమె నాకు కమ్మ కట్టడం నేర్పింది. నార తడిపి కట్టాలి, ఎండితే అదే బిగుస్తుంది. మొదట నేను కట్టిన ముడులన్నీ విప్పి మళ్లీ కట్టించింది. తప్పు చేసినప్పుడల్లా "అట్ల గాదు టీచరమ్మా" అని నా చేతి మీద కొట్టేది.

"గార్ల టేషన్ల పట్టాల మీద మేం గూడ కూసున్నం, పోయిన సారి," అన్నది. "తండ తండ వచ్చింది. ఇప్పుడు మాకే బండి లేదు." ఈసారి ఆమే నవ్వింది, ఆమె భర్త కూడా నవ్వాడు. అతని గొంతు నేను విన్నది అప్పుడే. తర్వాత అడిగింది: "రాష్ట్రం వస్తె మా తండకు రోడ్డు వస్తడా అమ్మా?"

వస్తుందని చెప్పాలనిపించింది. తెలియని మాట ఎలా చెప్పను? "అడగాలె అవ్వా," అన్నాను.

వాళ్లు పోయాక నాకు అసలు శిక్ష మొదలైంది. టీచరమ్మ ఉద్యమకారులను ఇంట్లోంచి వెళ్లగొట్టిందని జనగామలో పాకింది. సమ్మె టెంటులో, జీతం పోగొట్టుకుని నా పక్కనే కూర్చున్న ఒక సారు, "ఏం మేడమ్, ఆంధ్రోళ్లేమన్న చెప్పిన్రా?" అని అడిగాడు. నా నోటికి వచ్చింది చెప్పాను, ఆ మాటలు ఇక్కడ రాయను. మా బావ ఏడాది పైగా మా గడప తొక్కలేదు. అత్తగారు ఫోన్ చేసి, కొట్టం కోసం అన్నదమ్ములను విడదీశావని ఏడ్చింది. మా ఆయన ఇరవై రోజులకు మాట్లాడాడు. అది కూడా కరెంటు బిల్లు ఎక్కడుందని. ఆ దుకాణంలో, ఈ కొట్టం దగ్గర ఎందుకు నవ్వాడో మళ్లీ అడిగాను. "నాకు తెల్వదు," అన్నాడు. అది నిజమని నమ్మాను. నిజమైనంత మాత్రాన నా కోపం తగ్గలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు నేనూ వీధిలో పటాకులు కాల్చాను, పిల్లలకు మిఠాయిలు పంచాను. మా బావ మిఠాయి పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చాడు. తీసుకున్నాను. ముందు గదిలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. తోట వైపు చూశాడు కాని లేవలేదు.

కొన్నేళ్లకు ఒక పత్రిక జనగామ పేజీలో ఉద్యమ జ్ఞాపకాలు వేశారు. మా బావ ఫోటో, వెనక నా కొట్టం. ఎప్పుడో ఆ పదహారు నెలల్లో తీసుకున్న ఫోటో, కొప్పు మీద జెండాతో సహా. 'తన సోదరుని ఇంట్లో పర్ణశాల నిర్మించి, దాన్నే ఉద్యమ కేంద్రంగా మలిచారు' అని రాశారు. నిర్మించారట! మా తమ్ముడు ఏరి పంపిన బొంగులు, నా జీతం, గార్ల నుంచి వచ్చిన ఆమె చేతులు, ఒక్కటీ లేదు. నేను ఉన్నాను. చివరి వాక్యంలో. 'ఆ ఇంటి ఇల్లాలు ఎంత మంది వచ్చినా విసుక్కోకుండా చాయ్ అందించేవారు.'

ఆ పదహారు నెలలూ నేను విసుక్కున్నాను. చాలా విసుక్కున్నాను. విసుక్కున్న సంగతి కూడా నాకు మిగలకుండా తీసేసుకున్నారు. ఉత్తరం రాశాను, రెండు పేజీలు, దస్తూరి జాగ్రత్తగా. పక్షం చూసి ఫోన్ చేశాను. "స్థలాభావం మేడమ్," అన్నాడు అటువైపు మనిషి. నా ఇంట్లో చోటు లేదు, నా కొట్టంలో లేదు, ఆఖరుకు పేపర్లో నా ఉత్తరానికీ లేదు. మా ఆయన విని, "పోనీ, ఎవరు చదువుతరు ఇయ్యి," అన్నాడు. అందుకని ఇక్కడ రాశాను.

కొట్టం ఇంకా ఉంది. రెండు గుంజలను చెదలు తింటే మార్చాల్సి వచ్చింది. ఏటా కొప్పు నేనే చూసుకుంటున్నాను. కాని మొత్తం కప్పు మార్చడం నా వల్ల కాదు, రెండు మూడేళ్లకోసారి ఆమే వచ్చి మార్చేది. ఈ ఏడు ఆమె ఫోన్ కలవకపోతే గార్ల పోయాను. తండాకు సగం దూరం తారు రోడ్డు వేసి ఉంది, మిగతా సగం కంకర. ఆమె మోకాళ్లకు నూనె రాసుకుంటూ గడపలో కూర్చుని ఉంది. ఇక నిచ్చెన ఎక్కలేనని, కోడలికి పని వచ్చని, తను కింద కూర్చుని చెబుతానని అన్నది.

"ఎప్పుడు రమ్మంటవు?"

"మిరుగు లోపల. రైలు ఖర్చులు నావి, అక్కా."

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత, "కమ్మలు పోయిన సారి లేతవి కొట్టించినవ్, రెండేండ్లు గూడ ఆగలే," అని తిట్టింది. "ఈసారి నేను వచ్చి చూసినంకనే కొట్టియ్యి."